జలాశయం గడ్డకట్టేలోగా

ఆ శనివారం చేయాల్సిన పనులు చాలానే ఉన్నాయి. జర్మనీలో హార్జ్ కొండల్లోని జలాశయం ఒడ్డున పడవలు అద్దెకిచ్చే గది తెరవగానే ఆ రోజుకు పర్మిట్లు తీసుకోవాలి. చేపలు పట్టే లైసెన్సులు, టీకా సర్టిఫికెట్లు, పాస్‌పోర్టులు ఒకే కవర్లో పెట్టుకోవాలి. ఫ్లాస్కులో టీ పోయాలి. నబీల్‌కు మందపాటి చేతితొడుగులు లేవు కాబట్టి నా రెండో జత వెతకాలి. దారిలో అతనికి ఏదైనా తినిపించాలి. మర్నాడు పడవలన్నీ ఒడ్డుకెక్కించేస్తారట, శనివారం మధ్యాహ్నానికల్లా మాది తిరిగి అప్పగించాలి. వీటన్నిటికంటే ముఖ్యమైన పని ఇంకొకటుంది. ఆదివారం హైదరాబాదు నుంచి అతని మేనకోడలు అఫీఫా ఫోన్ చేసేలోగా, వాళ్లమ్మ చివరి క్షణాల గురించి నబీల్ ఏం చెప్పబోతున్నాడో కనుక్కోవాలి.

నబీల్, నేను హైదరాబాదులో ఇంజనీరింగ్ కలిసి చదివాం. పాడర్‌బోర్న్‌లో ఎమ్మెస్ కలిసి చేశాం. ఇప్పుడు హానోవర్‌లో ఒకే వీధిలో ఉంటున్నాం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేనే. జనగామ దగ్గర రైస్‌మిల్లులో మా నాన్న బస్తాలు మోసేవాడు. కాలేజీలో చేరిన కొత్తలో ఎక్కడ ఏం అడగాలో, ఎవరితో ఎలా మాట్లాడాలో చెప్పే మనిషి నాకు లేడు. ఆ పని నబీల్ వాళ్లక్క చేసింది. ఆమె పేరు నజ్మున్నీసా. సంతోష్‌నగర్‌లో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. భర్త చనిపోయాక కూతురు అఫీఫానూ, అమ్మానాన్నలు లేని తమ్ముణ్నీ ఆమే పెంచింది. ఆదివారాలు నేను వాళ్లింటికి వెళితే గుమ్మంలోనే ఆమె గొంతు వినపడేది: "ఇంజనీర్ సాబ్ వచ్చిండు, పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టుండ్రి!" నేనెంత తింటానో ఆమెకు తెలుసు. నబీల్‌లాగే నేనూ ఆమెను ఆపా, అంటే అక్క, అనే పిలిచేవాణ్ని.

వీసా ఇంటర్వ్యూకు ముందు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా తను ఆఫీసరులా కూర్చుంది.

"జర్మనీకి ఎందుకు పోతవ్?"

"మంచి చదువు ఉంటది మేడం."

"నేల దిక్కు చూసుకుంట చెప్తే ఎవరు నమ్ముతరు దశరథ్? నువ్వేమన్న దొంగతనం జేసినవా? తల ఎత్తు. మళ్ల చెప్పు."

సాయంత్రం దాకా చెప్పించింది.

2021 మే నెలలో కరోనాతో ఆపా చనిపోయింది. పడక దొరికింది కానీ ఆ ఆసుపత్రిలో ఆక్సిజన్ ఉండీ లేనట్టే ఉంది. అఫీఫా అదే జ్వరంతో ఇంట్లో పడి ఉంది. హానోవర్ నుంచి రాత్రింబవళ్లు ఫోన్లు చేసి పడక సంపాదించింది నబీలే కాబట్టి ఆసుపత్రివాళ్ల దగ్గర అతని నంబరే ఉంది. చివరి ఉదయం వార్డులో ఎవరో వీడియో కాల్ కలిపి, ఫోను ఆపా దిండు పక్కన నిలబెట్టారు. ముస్లింలలో మనిషి వెళ్లిపోయే ఘడియలో పక్కనున్నవాళ్లు చెవిలో కలిమా, అంటే తమ విశ్వాస వాక్యం, చెబుతారు. ఆ మాట వింటూ, వీలైతే పలుకుతూ వెళ్లాలని వాళ్ల ఆశ. తను చివరిదాకా కలిమా చెబుతూనే ఉన్నాననీ, ఆపా పెదవులు కదిపిందనీ, నిద్రలోకి జారినట్టు వెళ్లిపోయిందనీ నబీల్ అఫీఫాకు చెప్పాడు. తల్లి ముఖం కూడా చూడలేకపోయిన ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల ఆ మాట పట్టుకునే లేచి నిలబడింది.

అప్పుడు జనం కూడటానికి వీల్లేదు కాబట్టి ఆపా పేరున ఖురాన్ చదివించే కార్యక్రమం నవంబరు చివరి ఆదివారానికి పెట్టుకున్నారు. పిన్ని వరసయ్యే ఖాలాలతో సహా బంధువులంతా వస్తున్నారు. అఫీఫా మెసేజ్ పెట్టింది: "మామూ, నేను స్పీకర్ పెడతా. అమ్మీ కలిమా ఎట్ల చదివిందో మీరే అందరికి చెప్పాలె. ఖాలాలందరు అడుగుతున్నరు."

ఆ మెసేజ్ వచ్చినప్పటి నుంచి నబీల్ సరిగా తినడం లేదు. ఏం చెబుతావని అడిగితే "చెప్త తియ్" అని ముఖం తిప్పుకుంటున్నాడు. దుఃఖం వల్ల మాట రావడం లేదేమో అనుకున్నాను. ఇక్కడ చేపలు పట్టే లైసెన్సుకు పరీక్ష ఉంటుంది, కరోనాకు ముందు మేమిద్దరం పంతం పట్టి అది రాసి పాసయ్యాం. నీళ్లు గడ్డకట్టేలోగా ఒక్కసారి ట్రౌట్ చేపలకు పోదామంటే మాత్రం తల ఊపాడు.

పడవలాయన మాస్కు పైనుంచి మా కాగితాలు ఒక్కొక్కటిగా చూశాడు. నబీల్ నా చేతిలోని కవరు చూసి చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"ఏం దస్తావేజు సాబ్, టెన్త్ మెమో గూడ తెచ్చినవా?"

"కార్ల ఉంది. తేవాల్నా?"

"నువ్వు నిజంగ తెచ్చే రకమే రా."

ఒడ్డు వెంబడి, ఎండ పడని మలుపుల్లో నీటి మీద అద్దంలాంటి పలచని మంచుపొర అప్పుడే కట్టింది. తెడ్డు తగిలితే టిక్కుమని పగిలింది. ఆనకట్ట వైపు నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి. చలి ముదిరాక ఈ చేపలు దేని వెనకా పరుగెత్తవు. చెంచాలాంటి రేకు ఎరను ఒడ్డుకు దగ్గరగా విసిరి, మెల్లగా, విసుగు పుట్టేంత మెల్లగా లాక్కోవాలి. దారం తడి గాలపు కర్రకున్న రింగుల్లో గడ్డకడుతుంటే మాటిమాటికీ కర్ర కొస నీళ్లలో ముంచి ఆ మంచు కరిగించుకున్నాం.

"రేపటి సంగతి ఏం ఆలోచన చేసినవ్?" అన్నాను.

"చేప ఉరుకుతది. సప్పుడు జెయ్యకు."

"నా మాటకే ఉరుకుతదా?"

"నీ మాటకు నేనే ఉరుకుతున్న. చేప ఎంత!"

పొద్దు కొండ మీదికి వచ్చాక అతని కర్ర వంగింది. గబగబా లాగలేదు. నేర్చుకున్నట్టే దారం వదులుతూ, చుడుతూ పడవ పక్కకు తెచ్చాడు. నేను వల పెట్టి ఎత్తాను. మంచి ట్రౌట్. పక్కలంతా లేత గులాబీ రంగు. గాలం తీశాడు. ఆ తర్వాత చేయాల్సింది ఇద్దరికీ తెలుసు. ఇక్కడ చేపను సరదాకు పట్టి వదిలేయడానికి లేదు. పట్టినదాన్ని ఊపిరాడక కొట్టుకునేలా ఉంచడానికీ లేదు. చిన్న దుడ్డుకర్రతో తల మీద కొట్టి స్పృహ తప్పించి, వెంటనే కత్తి దించాలి. పరీక్షలో ఆ ప్రశ్నకు నబీలే నాకంటే బాగా రాశాడు.

ఇప్పుడతను దుడ్డుకర్ర అందుకోలేదు. చేపను పడవ అడుగున వదిలి కొండల వైపు చూస్తూ కూర్చున్నాడు. చేప నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. మొప్పలు ఎర్రగా విచ్చుకుంటున్నాయి.

"నబీల్, కొట్టు."

చేతులు రెండూ చంకల్లో దూర్చుకున్నాడు.

"ఏందిరా, తన్నుకుంటుంది పాపం. కొట్టు."

"నాతోని కాదు. నువ్వు చెయ్."

నేనే కొట్టాను. కత్తితో పని ముగించి, చేపను గుడ్డలో చుట్టి, చేతులు ఆ చల్లటి నీళ్లలో కడుక్కున్నాను. తల తిప్పి చూస్తే నబీల్ రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఉన్నాడు.

"ఆపా గిట్లనే చేసిందిరా," అన్నాడు. "గిట్లనే, నోరు తెరుసుకుంట. నన్నే చూసుకుంట."

గుడ్డలో చుట్టిన చేపను అతనికి కనపడకుండా నా వెనక్కి నెట్టాను.

"కలిమా మొదలుపెట్టిన. సగం గూడ రాలేదు నోట్లకెళ్లి. ఆమె చెయ్యి లేపింది. నన్ను పిలిచిందో, గాలి అడిగిందో తెల్వదు. నేను... ఫోన్ కట్ చేసిన."

"సిగ్నల్ పోయిందేమో..."

"లేదు దశరథ్. నేనే కట్ చేసిన. చూడలేకపోయిన. ఈ వేలుతోనే. మళ్ల చేద్దామని గదిల అటిటు తిరిగిన. చెయ్యలే. ఆఖరికి వాళ్లే చేసిండ్రు, అయిపోయిందని."

పడవ తనంతట తాను మెల్లగా తిరుగుతోంది. ఎక్కడో ఒడ్డున రంపం శబ్దం వినిపించి ఆగిపోయింది. నాకు చదువు చెప్పినవాళ్లెవరూ ఇలాంటప్పుడు ఏమనాలో చెప్పలేదు. నాకు తోచిందే అన్నాను.

"అఫీఫాకు చెప్పు."

"చెప్పి? ఆ పొల్ల తాన మిగిలింది గదొక్క మాటే. గది గూడ గుంజుకోవాల్నా?"

"మరి రేపు అందరి ముంగట మళ్ల గదే చెప్తవా? పెదవులు కదిలినయని, నిద్ర పోయినట్టు పోయిందని?"

గాలానికి ఇంకేమీ పడలేదు, పడాలని మేమూ చూడలేదు. తెడ్లు అందుకుంటూ నబీల్ అన్నాడు.

"అందరి ముంగట కాదు. ఇయ్యాల్నే చెప్త. ఆమెకొక్కదానికే. నువ్వు ఉండాలె."

సాయంత్రం మా ఇంటికే వచ్చాడు. చేపకు ఉప్పు, కారం, పసుపు పట్టించి పెనం మీద వేశాను. అతను బల్ల దగ్గర కూర్చుని నంబరు నొక్కాడు. ఫోను బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కాడు.

"సలాం మామూ! రేపటి పని మొత్తం అయిపోయింది. షామియానా చెప్పినం. మా కెమిస్ట్రీ మేడం గూడ వస్తనన్నది. ఏం వండుతున్నరు, చప్పుడు వస్తుంది?"

"దశరథ్ చేప వేపుతున్నడు."

"దశరథ్ మామూ వేపితే తినొచ్చా? అమ్మీ చెప్పేది, ఆయనకు తినుడు తప్ప ఏం రాదని!"

నేను పొయ్యి ఆపేశాను.

"బేటా, నీకొకటి చెప్పాలె," అన్నాడు నబీల్. చెప్పాడు. దాచలేదు, తనను తాను తిట్టుకోలేదు, ఏడవలేదు. పడవలో నాతో చెప్పిన మాటలే, అదే వరుసలో చెప్పాడు. అవతల ఫ్యాను తిరుగుతున్న శబ్దం వినపడుతోంది.

"మరి కలిమా?"

"పూర్తి చెయ్యలే బేటా."

"నర్సన్న పక్కన ఉండెనా?"

"ఎవ్వరు లేరు."

"అమ్మీ ఒక్కతే ఉందా?"

"ఒక్కతే."

"ఇన్ని దినాలు నేను అడుగుతనే ఉన్న గద మామూ. వారం వారం అడిగిన. చెప్పిందే చెప్పించుకున్న. మీరు చెప్పుకుంట పోయిండ్రు."

"తప్పే బేటా."

లైను తెగిపోయింది. అతను ఫోన్ చేశాడు, ఎత్తలేదు. మళ్లీ చేయబోతే నేను చెయ్యి పట్టుకున్నాను. పెనం మీద చేప అలాగే చల్లారింది. ఇద్దరం దాన్ని ముట్టుకోలేదు. చంపింది తినడానికే కాబట్టి మర్నాడు పొద్దున నేనొక్కణ్నే కూర్చుని తిన్నాను.

ఆదివారం కార్యక్రమం జరిగింది. మామూకు జ్వరమని అఫీఫా బంధువులకు చెప్పిందట. అతని అబద్ధం బయటపెట్టలేదు, తానూ ఆ మాట మళ్లీ అనలేదు. నబీల్‌కు మాత్రం ఫోన్ లేదు, మెసేజ్ లేదు. డిసెంబరులో మళ్లీ ఆంక్షలు పెరిగాయి, ఆఫీసులు ఇళ్లలోకి వచ్చాయి. జలాశయం గడ్డకట్టిందని ఎవరో ఫొటో పెట్టారు. తను చెప్పకుండా ఉండాల్సిందా అని నబీల్ నన్ను ఒక్కసారి అడిగాడు. నాకు తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు.

జనవరిలో ఒక సాయంత్రం తలుపు కొట్టి, చెప్పులతోనే లోపలికొచ్చి, నిలబడే ఫోను నా చెవి దగ్గర పెట్టాడు. అఫీఫా పంపిన వాయిస్ మెసేజ్.

"మామూ, మీ మీద కోపం పోలేదు. పోతదో లేదో నాకు తెల్వదు. కానీ ఒక పని చెయ్యుండ్రి. ఆ రోజు అమ్మీ తాన ఎవ్వరు లేకుండె. నేను లేను, మీరు లేరు. గది ఇగ మారదు. ఇప్పుడన్న మస్తుమంది ఉండాలె అమ్మీకి. మీకు తెలిసినోళ్లందరికి అమ్మీ పేరు చెప్పుండ్రి. దువాలో యాద్ చేసుకొమ్మని అడుగుండ్రి. ఏ మతమోళ్లయిన సరే. నేను కాలేజీల అందరిని అడుగుతున్న. దశరథ్ మామూకు గూడ చెప్పుండ్రి."

నబీల్ ఆ శుక్రవారం మసీదులో, మాస్కులు కట్టుకుని దూరదూరంగా కూర్చున్న టర్కీవాళ్లనీ, సిరియావాళ్లనీ, తనకు పేర్లు తెలియని వాళ్లనీ ఒక్కొక్కరినే అడిగాడు. తడబడుతూ జర్మన్‌లో చెప్పాడట, మా అక్క, ఆమె కోసం. అందరూ చేతులు ఎత్తి ప్రార్థించారట. ఆ సంగతి చెబుతూ మా వంటగదిలో మొదటిసారి గట్టిగా ఏడ్చాడు.

నాకు దువా చేయడం రాదు. ఇక్కడ నాకు తెలిసినవాళ్లూ తక్కువే. అందుకని ఇది రాసి మిమ్మల్ని అడుగుతున్నాను. ఆమె పేరు నజ్మున్నీసా. సంతోష్‌నగర్‌లో పిల్లలకు లెక్కలు చెప్పేది. ఆకలితో వచ్చిన పరాయి పిల్లవాడికి రెండోసారి అడగకుండానే వడ్డించేది. చివరి ఘడియలో ఆమె పక్కన మనిషి లేడు. మీకు తెలిసిన దేవుడి దగ్గర, దేవుడు లేడనుకుంటే ఊరికే మీ మనసులో, ఒక్కసారి ఆమెను తలుచుకోండి.