లైన్లో ఉన్న మనిషి

దయామణి టీచరు ఇంట్లో ఫోను తీసేసి పంతొమ్మిదేళ్లయింది. అది ఉండే స్టూలు మీద మాత్రం ఒకాయన ఇంకా లైన్లోనే ఉన్నాడు.

చూడ్డానికి ఏమీ ఉండదు. ఓ చిన్న స్టూలు, దాని మీద ఆమె అల్లిన దారపు గుడ్డ, గుడ్డ మీద ఫోను ఆకారంలో దుమ్ము పడని చోటు. అక్కడి నుంచి ఊపిరి వినిపిస్తూ ఉంటుంది. అప్పుడప్పుడూ దగ్గు, వెనకాల ఎక్కడో బోటు హారను. వాన రోజుల్లో డీజిలు వాసన కూడా వేస్తుంది. రోజూ పొద్దున్నే ఆమె తడిగుడ్డతో ముందుగది తుడుస్తూ స్టూలు దగ్గరకొచ్చేసరికి చెయ్యి నెమ్మది చేస్తుంది. ఆయనకి గుడ్డ తగలకుండా చుట్టూ తుడిచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

ఇవాళ ఆదివారం. చర్చి నుంచి వచ్చి ఆమె ఇంకా చీర మార్చుకోలేదు, అంతలోనే కేబుల్ భూషణం తీగ మీద నడుచుకుంటూ వస్తాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, ఏలూరు సందులన్నిటి మీదుగా స్తంభం నుంచి స్తంభానికి అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, వెంటిలేటర్‌లోంచి ముందొక కాలు, తర్వాత రెండో కాలు పెట్టి గదిలోకి దిగుతాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ వీధికి టీవీ బొమ్మలు సరఫరా చేసేది అతనే.

"కింద బళ్లు ఎక్కువైపోయాయండి" అంటాడు, చెప్పులు తొడుక్కుంటూ. చంకలోంచి ఒక కాగితం తీస్తాడు. "పాత తీగ పీకేస్తన్నామండి, టీచరు గారూ. ఇక ఊరంతా కొత్త తీగే. టీవీ, నెట్టు, ఇంటి ఫోను, మూడూ ఒకే తీగలో వచ్చేత్తాయి. టీవీ, నెట్టు మీ పేరున రాసేశాను. ఫోను కావాలో వద్దో మీరే టిక్కు పెట్టాలండి."

"చేతిలో సెల్లు ఉండగా ఇంకా ఇంటి ఫోనెందుకయ్యా?"

"అందరూ అదే అంటారండి." భూషణం స్టూలు వైపు తిరిగి, పెద్దమనిషి ఎదురైనట్టు కాస్త తల వంచుతాడు. "మరి ఆయన సంగతేటండి?"

ఇన్నేళ్లలో ఆ ఊపిరి ఇంకొకరికి వినిపించడం ఇదే మొదలు.

"టీవీకీ నెట్టుకీ అవతల ఎవరూ ఉండక్కర్లేదండి" అని భూషణం ఓపిగ్గా చెబుతాడు. "ఫోను అలా కాదు. అవతల మనిషున్న ఇంటికే ఇత్తాం. మీ ఎదురింట్లో లైన్లో ఉండిపోయింది వాళ్ల మేనత్తండి, శుభలేఖ అందిందా, శుభలేఖ అందిందా అని ఒకటే అడగడం. ఆ పెళ్లికూతురికిప్పుడు పెళ్లీడు పిల్లలు. ఎదురింటాయన వద్దని టిక్కు పెట్టేశారు."

"మేనత్త ఏమైంది?"

"పెట్టేసి వెళ్లిపోయిందండి."

"ఎక్కడికి?"

"ఫోను పెట్టేశాక ఎక్కడికెళ్లాల్సిందో అక్కడికేనండి. ఇంకెక్కడికెళ్తారు?"

దయామణి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంటుంది. స్టూలు మీదున్న మనిషి ఫోను పెట్టేశాక ఎక్కడికెళ్లాలో ఆమెకు బాగా తెలుసు.

"కావాలంటేనో?" అంటుంది.

"ఆయన అడిగిన మనిషిని పిలవాలండి. పిలుత్తానని మీరు మాటిచ్చారని మా కాయితాల్లో ఉంది. సాయంత్రం బండొచ్చి పాత తీగ లాగేలోపు ఏదోటి తేల్చండి, చాలు." భూషణం భుజాన ఉన్న తీగచుట్టను నేల మీద పరిచి, దాని మధ్యలో బాసింపట్టు వేసుకుని కూచుంటాడు.

ఆ మాటిచ్చింది ఇరవై ఎనిమిదేళ్ల కిందట. అప్పట్లో వీధి మొత్తానికి ఫోను ఒక్క దయామణి ఇంట్లోనే ఉండేది. వాళ్ల నాన్న దేవసహాయం గారు టెలిఫోను శాఖలో పనిచేసేవారు. నల్లటి ఫోనుకి తాళం వేసి, తాళంచెవి జంధ్యమంత భద్రంగా మెళ్లో వేసుకునేవారు. ఇక్కడి నుంచి ఎవరూ చెయ్యడానికి లేదు, వచ్చిన ఫోన్లకి మాత్రం ఎవరినైనా పిలవచ్చు. వీధిలో వాళ్లంతా ఆ నంబరు పక్కన పి.పి., అంటే పిలిస్తే వచ్చే పక్కింటి ఫోను, అని రాసి ఊరూరా పంచుకున్నారు. దేవసహాయం గారు పోయాక తాళంచెవీ, ఆ పిలిచే పనీ రెండూ దయామణికి వచ్చాయి.

పెరటి వాటాలో కరుణమ్మ అద్దెకుండేది. ఆమె మొగుడు సీమోను పారాదీప్‌లో చేపల బోటు మీద పని. ఆదివారం చర్చి వదిలే వేళకి రేవు దగ్గరి బూత్ నుంచి ఫోను చేసేవాడు. "లైన్లో ఉండండి, పిలుస్తాను" అని దయామణి రిసీవరు గుడ్డ మీద పెట్టి, పక్కసందులోంచి ముప్ఫై అడుగులు నడిచి, "కరుణా, ఫోనే!" అని కేకేసేది. కరుణ చెయ్యి తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చేది. అక్కాచెల్లెళ్లలా ఉండేవారు ఇద్దరూ.

ఆ ఆదివారం కొళాయి దగ్గర మాటా మాటా వచ్చింది. దయామణి వంతులో కరుణ తన బిందె పెట్టింది. ఇదేమిటే అంటే, "నీకేంటక్కా, ఒంటికాయ శొంఠికొమ్మువి. నీకు ఒక్క బిందె చాలదా?" అంది. పెళ్లి కాని మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. దయామణి ఖాళీ బిందెతో ఇంట్లోకి వచ్చిన కాసేపటికి ఫోను మోగింది. "లైన్లో ఉండండి, పిలుస్తాను" అంది. రిసీవరు గుడ్డ మీద పెట్టింది. వెళ్లి కుర్చీలో కూచుంది.

ఫోను రాలేదని కరుణ కాసేపు ఏడవనీ అనుకుంది, అంతే. ఆ పైన ఏ దురుద్దేశమూ లేదు. బయట కొళాయి నీళ్ల చప్పుడు వింటూ కూచుంది. చాలాసేపటికి లేచి రిసీవరు జాగ్రత్తగా ఫోను మీద పెట్టేసింది. వచ్చే ఆదివారం పరిగెత్తుకెళ్లి పిలుద్దామనుకుంది. వచ్చే ఆదివారం ఫోను రాలేదు.

బోటు తిరిగి రాలేదని తర్వాత రేవు నుంచి ఉత్తరం వచ్చింది. అది కరుణే తెచ్చి దయామణి చేత చదివించుకుంది. సీమోనుకి ఆ పొద్దున ఒంట్లో బాగాలేదట. బోటెక్కాలా, ఇంటికొచ్చెయ్యాలా, మా ఆవిడ్ని అడిగి చెబుతానని బూత్‌కి వెళ్లాడట. ఎవరూ రాలేదని తిరిగొచ్చి బోటెక్కాడట. "రాంగ్ నంబరు చేసుంటాడక్కా, పిచ్చి మనిషి" అంది కరుణ, ఏడుస్తూనే. "అవునే, రాంగ్ నంబరే అయ్యుంటుంది" అంది దయామణి. ఆమె జీవితంలో అంత నీచమైన మాట ఇంకొకటి ఆడలేదు.

ఆ తర్వాత కూడా కరుణ ప్రతి ఆదివారం చర్చి చీర కట్టుకుని తన వాకిట్లో స్టూలు వేసుకుని కూచునేది, పిలుపు వస్తుందేమోనని. అలా ఏళ్లకి ఏళ్లు కూచుంది. తర్వాత గుడివాడలో తమ్ముడి దగ్గరకి వెళ్లిపోయింది. నిరుడు పోయింది. ఇప్పుడు ఆ మాట ఒప్పుకోవడానికి ఎదురుగా మనిషి కూడా లేదు.

"ఏం రాయమంటారండి?" అంటాడు భూషణం.

దయామణి పెన్ను తీసుకుంటుంది. కాగితం మీద రెండే గళ్లు. వద్దు అన్న గడి మచ్చికైన పిల్లిలా పెన్ను కిందకే వచ్చి పడుకుంటుంది. కావాలి అన్న గడి మాత్రం అందకుండా కాగితం చివరికి జరుగుతూ పోతుంది.

"ఒకవేళ ఇలాగే వదిలేస్తే? ఇన్నాళ్లూ ఉన్నాడుగా. ఇంకొన్నాళ్లు ఉంటాడు. లైన్లో ఉన్నంతసేపూ బోటెక్కడుగా."

"ఇంటిక్కూడా వెళ్లడండి" అంటాడు భూషణం. "పాపం, ఇరవై ఎనిమిదేళ్ల నుంచి నిలబడే ఉన్నాడు."

నిలబడి ఉంటాడన్న సంగతి ఆమెకు ఎన్నడూ తట్టలేదు. బూత్‌లో కుర్చీ ఉండదు కదా. ఒంట్లో బాగాలేని మనిషి. ఆమె ఎడమ అరచేత్తో కాగితం చివర అదిమిపట్టి, పారిపోతున్న గడిలో టిక్కు పెడుతుంది.

టిక్కు పడేసరికి స్టూలు మీద నాన్న నల్ల ఫోను ఉంటుంది, తాళంతో సహా. రిసీవరు అప్పుడే పక్కన పెట్టినట్టు ఉంటుంది. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుంటుంది.

"పిలిచారాండీ?" అంటాడు సీమోను. గొంతులో జ్వరం తెలుస్తూనే ఉంది.

"ఇదిగో, పిలుస్తున్నాను బాబూ. లైన్లో ఉండండి." మళ్లీ అదే మాట. రిసీవరు గుడ్డ మీద పెడుతుంది. ఈసారి కుర్చీ వైపు చూడదు.

పక్కసందులో గోడ వారగా కరుణలు కూచుని ఉన్నారు. ఒక్కో ఆదివారానికి ఒక్కో కరుణ, ఒక్కో స్టూలు మీద, చర్చి చీరలో. ఇంటి దగ్గరగా ఉన్నావిడకి జుట్టు పూర్తిగా నెరిసింది. లోపలికి వెళ్లే కొద్దీ తలలు నల్లబడతాయి. దయామణి వెళుతుంటే దారి ఇవ్వడానికి అందరూ కాళ్లు ముడుచుకుంటారు. ఎవరూ తలెత్తరు. ఆమెకు కావలసింది వీళ్లు కాదు. ఆ ఒక్క ఆదివారపు కరుణ కావాలి.

ఆ కరుణ సందు చివర కొళాయి దగ్గర నిలబడి బిందె పట్టుకుంటోంది. మొహం ఇంకా మాడ్చుకునే ఉంది.

"కరుణా, ఫోనే!"

కరుణ వినదు. దయామణి దగ్గరకెళ్లి మళ్లీ కేకేస్తుంది. భుజం పట్టుకుని ఊపుతుంది. బిందె పట్టే కరుణ బిందె పడుతూనే ఉంటుంది. ఆ ఆదివారం ఎవరూ పిలవలేదు కాబట్టి ఆ కరుణకి ఏ పిలుపూ వినబడదు.

దయామణి అక్కడే తడినేల మీద చతికిలబడుతుంది. "నేనే పిలవలేదే" అంటుంది. "రాంగ్ నంబరు కాదే కరుణా. సరైన నంబరే. నేనే రిసీవరు పక్కన పెట్టి కుర్చీలో కూచున్నాను. నువ్వన్న మాటకి నిన్ను కాసేపు ఏడిపిద్దామనుకున్నానే. కాసేపే అనుకున్నాను."

కొళాయి దగ్గరి కరుణకి ఇదీ వినబడదు. సందులో ఉన్న కరుణలందరికీ వినబడుతుంది. స్టూళ్లన్నీ ఒక్కసారి కిర్రుమంటాయి. అందరూ లేచి నిలబడతారు. తిడితే బాగుండునని దయామణికి అనిపిస్తుంది. కొంగులు సర్దుకుని, వరస తప్పకుండా, ఒకరి వెనక ఒకరు ముందుగది వైపు నడుస్తారు.

జుట్టు నెరిసిన కరుణ గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరుగుతుంది. "ఇంతమందిమి మాట్లాడేదాకా ఆయన దగ్గర చిల్లర ఉంటదంటావా అక్కా?"

"ఉంటుందే. నువ్వెళ్లు. నువ్వు మాట్లాడు ముందు" అంటుంది దయామణి.

కొళాయి దగ్గర చిన్న కరుణ బిందె నిండుతుంది. దాన్ని పక్కకి దించి, ఎదురుగా ఉన్న దయామణిని చూడకుండా ముందుగది కిటికీ వైపు చూసి, మెల్లగా అంటుంది. "దయామణక్కా, నీ వంతే, వచ్చి పట్టుకో. ఇందాక నోరు జారాను. ఏమనుకోకక్కా."

ఆ రోజు కుర్చీలో కూచున్న దయామణికి నీళ్ల చప్పుడొక్కటే వినిపించింది. ఈ మాట అప్పుడే అన్నదన్నమాట. ఇరవై ఎనిమిదేళ్లూ ఇది ఇక్కడే, కొళాయి పక్కనే ఉంది. దయామణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తుంది. తర్వాత కళ్లు తుడుచుకుని, తన ఖాళీ బిందె తెచ్చి కొళాయి కింద పెడుతుంది. వంతు వచ్చాక పట్టుకోకపోతే నీళ్లు ఆగిపోతాయి.

కొళాయిలోంచి సముద్రం వస్తుంది. ఉప్పు వాసనతో, నురగతో, మొదట సన్నగా, తర్వాత ధారగా. బిందె మెడ దాకా నిండాక ధారతో పాటు ఒక చేపల బోటు జారి అందులో పడి తేలుతుంది. బెత్తెడు ఉంటుంది. తాళ్లున్నాయి, వలలున్నాయి, చిన్న పొగగొట్టం ఉంది. దయామణి వంగి చూస్తుంది. లోపల మనుషులు పనిచేసుకుంటున్నారు. ఒక చోటు ఖాళీగా ఉంది.

బోటు హారను కొడుతుంది. ముందుగదిలోంచి సీమోను గొంతు వస్తుంది. "బోటు కదులుతోందండీ. పిలిచారా?"

"పిలిచానయ్యా! వస్తున్నారు, అందరూ వస్తున్నారు! లైన్లో ఉండండి!" అని దయామణి గొంతు చించుకుని అరుస్తుంది.

బిందె ఎత్తి చంకన పెట్టుకుంటుంది. బోటు ఒరగకుండా, నీళ్లు తొణకకుండా, కరుణల వరస వెనక ముప్ఫై అడుగుల సందులో నడక మొదలుపెడుతుంది. వరస ఒక్కో మనిషే కదులుతోంది. లోపల మొదటి కరుణ హలో అంటోంది. ఉప్పునీళ్లు దయామణి మోచేతి మీదుగా కారుతున్నాయి. రెండో చేతిని ఆమె బిందె మీద మూతలా బోర్లిస్తుంది. లోపలి నుంచి బోటు బయలుదేరుతానని అరచేతిని పొడుస్తూ ఉంటుంది. ఆమె చెయ్యి తియ్యదు.