పై భాగంలో దెబ్బ

ఐస్ హాకీలో ఆటగాడికి దెబ్బ తగిలితే ఎక్కడ తగిలిందో జట్టు బయటపెట్టదు. నడుముకు పైన అయితే "అప్పర్ బాడీ ఇంజురీ" అంటుంది, కింద అయితే "లోయర్ బాడీ" అంటుంది. ఎక్కడ నొప్పో తెలిస్తే ఎదుటివాళ్ళు సరిగ్గా అక్కడే కొడతారని ఆ దాపరికం. ఈ ఆచారం సుమతికి తెలియదు. పార్సిప్పనీ ఊళ్ళో స్కూల్లో ఏళ్ళ తరబడి బయాలజీ చెబుతున్న మనిషి, కొడుకు జట్టు వెబ్‌సైట్‌లో ఆ మాట చదివి భుజమేమో అనుకుంది. ఫోన్ చేసి కాపడం పెట్టుకోమని చెప్పింది.

"సరే అమ్మా," అన్నాడు ధృవ్. భుజం కాదని అనలేదు.

తగిలింది తలకి. వారం తిరక్కుండానే వాణ్ణి మళ్ళీ ఐస్ మీదకు దింపారు. రెండో దెబ్బ చిన్నదే. దానికే పోయాడు.

ఆరేళ్ళప్పుడు స్కేట్లు కట్టిన పిల్లాడు. తెల్లారకముందే ఐస్ రింక్‌కి తీసుకెళ్ళేవాడు తండ్రి నరసింహ. "పళ్ళూడగొట్టించుకోడానికి ఫీజు కూడా కడుతున్నావా నరసింహా?" అని పక్క అపార్ట్‌మెంట్ రాకేష్ నవ్వేవాడు. కాలేజీ అయ్యాక పెన్సిల్వేనియాలో ఓ చిన్న ఊరి జట్టు కాంట్రాక్టు ఇచ్చినప్పుడు, అందరికంటే ముందు స్వీట్లు పంచింది ఆ రాకేషే. పెద్ద లీగ్‌కి రెండు మెట్లు కింద ఉన్న జట్టది. బస్సుల్లో పడుకుంటూ ఊళ్ళు తిరిగాడు ధృవ్. వాడివి గోల్స్ వేసే చేతులు. కోచ్‌కి కావలసింది పిడికిళ్ళు. రెండో సీజన్ వచ్చేసరికి, ఆట మధ్యలో జట్టు తరఫున ఎదుటివాళ్ళతో కొట్లాడేవాడిగా మిగిలాడు. ఇంటికి మాత్రం గోల్స్ వీడియోలే పంపేవాడు. ఆ విషయం తలుచుకున్నప్పుడల్లా సుమతికి వాడి మీద కూడా కోపం వచ్చేది. చచ్చిపోయినవాడి మీద కోపం ఎక్కడ చూపించాలో తెలిసేది కాదు.

వాడు పోయాక వచ్చిన ఈ సీజన్ మొదటి ఆటకు జట్టువాళ్ళు ఆ కుటుంబాన్ని పిలిచారు. ఆట ముందు ధృవ్‌ని తలుచుకుంటారు. ఆట మొదలైనట్టు గుర్తుగా, ఇద్దరు కెప్టెన్ల మధ్య సుమతి పక్‌ని, అంటే కర్రలతో కొట్టే రబ్బరు బిళ్ళని, జారవిడవాలి. మేనేజర్ హాలొరన్ తన గదిలో కూర్చోబెట్టి, మైకులో చెప్పబోయే నాలుగు మాటలు వినిపించాడు. అందులో "అప్పర్ బాడీ ఇంజురీ" ఉంది.

"అది తీసేయండి," అంది సుమతి ఇంగ్లిషులో. "తలకి తగిలిందని చెప్పండి."

"ఎవరి విషయంలోనూ చెప్పం మేడమ్. ఇది మా పద్ధతి."

"చెబితే ఎదుటివాళ్ళు అక్కడే కొడతారని కదా మీ పద్ధతి. ఇప్పుడు వాణ్ణి ఎవరు కొడతారు?"

హాలొరన్ నరసింహ వైపు చూశాడు.

"సుమతీ, ఇప్పుడు గొడవెందుకు," అన్నాడు నరసింహ తెలుగులో. "రెండు నిమిషాలు నిలబడి వచ్చేద్దాం."

"మీరు నిలబడండి."

"నాన్నా, నువ్వు ఆల్వేస్ ఇంతే," అంది కూతురు దేదీప్య. "పోనీ, పోనీ, లెట్ ఇట్ గో. అన్న నీ దగ్గరే నేర్చుకున్నాడు."

నరసింహ తల దించుకున్నాడు. హాలొరన్‌కి ఆ మాటలు అర్థం కాలేదు. గడియారం చూసుకుని, "జనం ఎదురుచూస్తున్నారు," అన్నాడు.

ఐస్ మీద ఎర్ర కార్పెట్ పరిచారు. సుమతి దాని చివర నిలబడింది. పక్కనే అనౌన్సర్ మైకు పట్టుకుని చదివాడు. మార్చలేదు, అదే మాట. ధృవ్ జట్టు కెప్టెన్ కోల్, అవతలి కెప్టెన్ ఎదురెదురుగా వంగి, కర్రలు ఆనించారు. కోల్ ధృవ్ రూమ్మేట్. వాళ్ళింట్లో పులిహోర రెండుసార్లు వడ్డించుకుని తిన్న కుర్రాడు.

ఆమె పక్ వదల్లేదు.

"డ్రాప్ చేయండి ఆంటీ," అన్నాడు కోల్ మెల్లగా. ఆంటీ అనడం ధృవ్ నేర్పిందే.

"వాడికి ఎక్కడ తగిలింది కోల్?"

"ఆంటీ, ప్లీజ్."

"పక్కనే ఉన్నావుగా. ఎక్కడ?"

"తలకి."

"నాకు తెలుసు. వాళ్ళకి చెప్పు."

కోల్ నిటారుగా నిలబడ్డాడు. ఆమె ఏడుస్తోందనుకుని జనం చప్పట్లు మొదలుపెట్టారు. సుమతి ఏడవడం లేదు.

"నన్ను టీమ్‌లోంచి తీసేస్తారు ఆంటీ."

"తీసేస్తారు," అంది.

అతను హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. అనౌన్సర్ చేతిలోంచి మైకు అందుకున్నాడు. "ధృవ్‌కి తగిలింది తలకి," అన్నాడు. చప్పట్లు ఆగిపోయాయి. "కళ్ళు తిరుగుతున్నాయని మాకు చెప్పాడు. కోచ్‌కీ చెప్పాడు. అయినా..."

మైకు ఆపేశారు. కోల్ ఆగలేదు. మైకు దించి, గొంతు చించుకుని, "అయినా ఆడించారు. మేం చూస్తూ ఊరుకున్నాం," అని అరిచాడు. ఎంత దూరం వినబడిందో గాని, ముందు వరుసల్లో జనం లేచి నిలబడ్డారు. అవతలి కెప్టెన్ కూడా హెల్మెట్ తీసేశాడు.

హాలొరన్ కార్పెట్ మీద దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ముఖం కందిపోయి ఉంది.

"ఇప్పుడు తృప్తిగా ఉందా మేడమ్?"

"లేదు," అంది సుమతి. పక్ అతని చేతిలో పెట్టి వెనక్కి నడిచింది.