సంగీతోళ్ల దానికంటె పెద్ద కెమెరా

సందమామ మీద మనోళ్లు బండి దించిన్రని టీవీల సూపెట్టిననాడు మా బీడీలోళ్లంత చాటలు పక్కకు వెట్టి సప్పట్లు కొట్టిన్రు. నేను కొట్టలే. గంత దూరం బండిని తోల్తరు గని దుబాయ్‌ల ఉన్న మనిషిని కోరుట్లకు తోల్కరారా? ఏం సైన్సు, నా బొంద సైన్సు.

మా ఆయన గంగారాం తాళ్లెక్కుడు బందు వెట్టి దుబాయ్ వోయిండు. పక్కింటి సంగీత మొగడు సంపత్ గూడ ఆన్నే, ఇద్దరిది ఒక్కటే రూము. ఒక్కటే పని, ఒక్కటే తిండి. సంపత్ దినాం ఫోన్ చేస్తడు. మా ఆయన శుక్రారం చేసి, "తిన్నవా? బర్రె ఈనిందా?" అని పెట్టేస్తడు. కంప్యూటర్లు గూడ మనిషి లెక్క ముచ్చట వెడుతున్నయని పేపర్ల ఏసిన్రు. మా ఆయనకే ఇంక రాలే ఆ ఇద్దె.

అన్నాళ్లు ఓర్సుకున్న. గని సంపత్ ఇంటి ముంగట సీసీ కెమెరా వెట్టిచ్చిండు సూడు, గప్పుడు లేసింది నా కడుపుల మంట. సంగీత పొద్దుగాల కొత్త చీర గడితె పగటీలి ఫోన్ వస్తది, "ఆకుపచ్చ చీరల మస్తున్నవే" అని. ఆ ముచ్చట మాకందరికి చెప్పుకుంటనే బీడీలు చేస్తది. నా చాటల తంబాకంత దాని మొఖాన సల్లాలనిపిస్తుండె.

"దొంగల భయమైతున్నది, మనకో కెమెరా వెట్టియ్యి" అని మా ఆయనకు అబద్ధమాడిన. మా ఇంట్ల దొంగ ఎత్కవోను ఓ బర్రె, చాట, కత్తెర తప్ప ఏముంది? అయినా సరే అన్నడు. జగిత్యాల దుకాణపాయన రెండు రకాలు సూపెట్టిండు.

"సంగీతోళ్లది ఏది?"

"గీ చిన్నది."

"గట్లయితె నాకు గా పెద్దది ఇయ్యి."

అండ్ల ఏమేమున్నదో అడుగనే లేదు. తెచ్చి మా దర్వాజ మీద బిగిచ్చిండు.

నలుగురం ఒక్కదగ్గర కూసుంటెనే బీడీలకు చెయ్యి ఆడుతది. ఇగ అందరిని మా అరుగు మీదికే పిలిసిన. వాకిలి దిక్కు తిరిగి కూసుంటం గనుక కెమెరాకు మా ఈపులే కనవడుతయి. గందుకే ఏదో పనున్నట్టు లేసి అటిటు తిరుగుదును. ఎర్ర చీర గట్టిన, పసుపు చీర గట్టిన. శుక్రారం ఫోన్ల మళ్ల బర్రె ముచ్చటే!

ఓనాడు మా అందర్ల పెద్దామె మొగిలవ్వ అడిగింది, "ఏందే వసంతా, ఈ నెల నీ మొగడు ఛుట్టీ మీద వస్తుండటగద?"

ఒక్క రూముకెల్లి ఒక్కన్నే పంపుతదట కంపెనీ. ఈసారి మా ఆయన వంతు. లోపట నాకు డప్పులు మోగుతున్నయి. గని పక్కన సంగీత ఉన్నదిగద, మూతి ముడిసి నవ్వింది. "అక్కా, నీ చీరల ముచ్చట అన్న ఎన్నడన్న తీసిండా?"

నాకు సర్రుమన్నది.

"ఏ, ఆయన వస్తె ఎంత, రాకుంటె ఎంత! గురక లేక పానం నిమ్మలంగున్నది. ఆన్నే ఉండనీ!"

అందరు పడి పడి నవ్విన్రు. నేను గూడ నవ్విన.

ఆ శుక్రారం ఫోన్ రాలే. పయనం పనులల్ల ఉన్నడేమో అనుకున్న. నెలాఖరుకు మా గల్లీల కారు వచ్చి ఆగింది. కొంగు సదురుకొని ఉరికిన. దిగింది సంపత్. సంగీతకు గూడ చెప్పకుంట వచ్చిండట. అది ఏడ్సుకుంట, నవ్వుకుంట పోయి ఆయన చెయ్యి వట్టుకున్నది. నాకు కండ్లు మండినయి. అది నా చెయ్యి ఉండాల్సిన జాగ.

సంపత్ నా దిక్కు వచ్చి తలకాయ వంచుకున్నడు.

"వదినె, అన్న తన వంతు నాకిచ్చిండు. సంగీత కెమెరాల బొమ్మనే వస్తది. నీ దాంట్ల మాట గూడ ఇనవడుతది. ఫోన్ల మీ ముచ్చట్లు ఇనుకుంటనే పగటిబువ్వ తింటడు అన్న. ఆనాడు 'ఆన్నే ఉండనీ' అంటివిగద, అది ఇని పళ్లెం ఇడిసి లేసిండు."

"దినాం ఇంటడా?"

"ఒక్కనాడు గూడ తప్పడు."

మాట్లాడ రాదనుకున్న మనిషి, దినాం నా మాటలు నంజుకొని బువ్వ తింటున్నడు!

చాటలు ఒళ్లె వెట్టుకొని అందరు నన్నే సూస్తున్నరు. సంగీత గూడ సూస్తున్నది. సూడనీ. దర్వాజ దిక్కు మర్లి తలకాయ ఎత్తిన.

"ఏమయ్యా, ఇంటున్నవా? మాట ఇన్నవు, నా మొఖం సూసినవా? ఈపును సూసి ఎట్ల నమ్మినవు? గీ సంగీతను సూసి కుళ్లుకొని గట్లన్న. ఇగో, ఇప్పుడు సూడు. నిమ్మలంగున్న మొఖమేనా ఇది?"