పొట్లాల మీది పేరు

1920 నవంబరు రెండు, మంగళవారం. పొద్దున అడెలియా ముందురోజు వండిన మొక్కజొన్న ముద్దను ముక్కలుగా కోసి, పెనం మీద ఎర్రగా వేయించి, పైన బెల్లంపాకం పోసి పెట్టింది. భర్త లెమ్యుయల్ తింటూ, "నీలం గౌను వద్దు అడ్డీ, కొట్టొచ్చినట్టుంటుంది" అన్నాడు. అమెరికాలో ఆడవాళ్లందరికీ ఓటు ఆ ఏడే వచ్చింది; ఆమె ఓటు వేయబోవడం అదే మొదటిసారి. ఆయనకు గుర్తొచ్చింది గౌను.

నెబ్రాస్కా రాష్ట్రం నుంచి వాషింగ్టన్‌లోని చట్టసభకు ఆయన పద్దెనిమిదేళ్లుగా గెలుస్తూనే ఉన్నాడు. ఏటా చలికాలంలో ప్రభుత్వం ప్రతి సభ్యుడికీ బస్తాల కొద్దీ విత్తనాల పొట్లాలిస్తుంది, ఓటర్లకు ఊరికే పంచమని. పొట్లం మీద ఆయన పేరు. ఏ ఇంటికి ఏ పొట్లమో ఎంచేది అడెలియా. ఇసుక నేలవాళ్లకు పుచ్చ, కొత్తగా బిడ్డ పుట్టిన ఇంటికి బఠాణీ, మగడు పోయిన ఇంటికి కూరగాయలతోపాటు ఒక పూల పొట్లం. ఒక ఏడు ఆమె జ్వరంతో మంచం పట్టింది. గుమాస్తా ఇసుక నేలలన్నిటికీ క్యాబేజీ పంపాడు. ఆ ఎన్నికలో లెమ్యుయల్ చావు తప్పి బయటపడ్డాడు. ఓట్లు తగ్గింది పెరిగిన రైలు ఛార్జీల వల్లేనన్నాడు. ఆమె ఏమీ అనలేదు.

కిందటేడు మే నెలలో మాత్రం ఏదైనా అని ఉండాల్సింది. ఆడవాళ్ల ఓటు మీద చర్చ రోజున ఆమె సభ పైఅంతస్తులో, సందర్శకుల వరసలో కూర్చుంది. "నా భార్యనే చూడండి, ఓటు కావాలని ఏనాడూ అడగలేదు" అన్నాడాయన. సభంతా నవ్వుతూ తలెత్తి చూసింది. ఆమె కూడా నవ్వింది. అప్పటినుంచీ ఆ నవ్వుకు తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

బడిలో ఓటర్ల వరుసలో లెమ్యుయల్ గట్టిగా, "మా ఇంట్లో ఇప్పుడు ఓట్లు రెండు, బుర్ర ఒక్కటే!" అన్నాడు.

"ఆ బుర్ర ఎవరిదో చెప్పలేదే!" అంది వెనకనుంచి వ్లాస్తా, ఐరోపా నుంచి వలసొచ్చిన చెక్ రైతుల ఇంటి విధవరాలు. అందరూ గొల్లుమన్నారు. వ్లాస్తా అడెలియా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అంది: "మా ఆయన చనిపోయిన ఏడు కూరల మధ్య ఒక పూల పొట్లం వచ్చిందమ్మా. మగవాడికి తట్టే పని కాదది. వెళ్లండి, మీ వంతు వచ్చింది."

తెర వెనక అడెలియా చాలాసేపే ఉంది.

రాత్రి భోజనమయ్యాక టెలిఫోను మోగింది. గెలుపు ఖాయమన్నారు. లెమ్యుయల్ కుర్చీలో వెనక్కి వాలాడు. "రేపు పత్రికా విలేకరి వస్తాడు. మా ఆవిడ మొదటి ఓటు నాకేనని చెప్తాను. బావుంటుంది."

"నన్నడిగారా?"

ఆయన నవ్వాడు. "అడగడమెందుకు? సరే, అడుగుతున్నాను. నాకే కదా?"

ఆమె గిన్నెలు తుడిచిన గుడ్డను మడిచి పెట్టింది. ఆయన ముఖంలో అలసట కనిపించింది. నిజంగానే ముసలివాడవుతున్నాడు. దీపాన్ని ఆయన చదువుకునే బల్ల మీదికి జరిపింది.

"ఓటు కావాలని నాకెప్పుడూ ఉంది. మీరెప్పుడూ అడగలేదు. రేపు అతనొచ్చినప్పుడు నేను మాట్లాడతాను. మీరు నా పక్కన కూర్చుని నవ్వుతూ ఉండండి, చాలు."

అడెలియా లోపలికి వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.