కొబ్బరికాయలో ఎవరి వంతు?

మా అమ్మాయి భావనకి మూడో ఏట వచ్చిన ఆయాసం ఎవరివల్ల తగ్గిందో నాకు ఇప్పటికీ తెలియదు. పొద్దున అచ్చయ్య అన్నయ్య ఇచ్చిన తీపి గోళీలు వేశాను. మధ్యాహ్నం ఆయనే "ఇంక ఆగకు తాయారమ్మా" అని తరిమితే రైల్వే ఆసుపత్రిలో సూది వేయించాను. దారిలో హనుమంతుడికి కొబ్బరికాయ మొక్కాను. పిల్ల తేరుకుంది. తీరా కాయ కొట్టించబోతే, ఒక్కరికే ఇస్తే మిగతావారి మేలు మరిచినట్టు కాదా అనిపించింది. ఆ మొక్కు అలాగే ఉండిపోయింది.

అచ్చయ్యది డబ్ల్యూఆర్ఎస్ అనే రైల్వే కాలనీలో మా పక్క క్వార్టరు. వ్యాగన్లు బాగుచేసే పని. హోమియో పుస్తకాలు చూసి నేర్చుకున్నదే గాని సర్టిఫికెట్టు లేదు. ఆయన్ని చూసే భావన హోమియో కాలేజీలో చేరింది. అది నాలుగో ఏడు చదువుతుండగా కాలేజీకి గుర్తింపు తనిఖీ వచ్చింది. గుర్తింపు ఆగిపోతే దాని చదువంతా బూడిదే. కాలేజీ ఆసుపత్రిలో రోగులు పల్చగా ఉన్నారని, తలా ఒకరిని ఇంటినుంచి తేవాలని పిల్లలు అనుకున్నారట.

"ఆరు నెలల్నుంచి తలనొప్పి అని చెప్పెయ్ అమ్మా. బస్, అంతే."

"లేని నొప్పి ఎలా చెప్తానే? అదీ హనుమంతుడి మంగళవారం పూట!"

అయినా వెళ్ళాను. తనిఖీకి వచ్చిన పెద్దాయన నా ముందు ఆగి హిందీలో అడిగారు: "మాతాజీ, నిజంగా జబ్బుందా? పిలిస్తే వచ్చారా?"

భావన మొహం పాలిపోయింది.

"పిల్లే పిలిచింది బాబూ. మోకాలి నొప్పి మాత్రం నాదే," అన్నాను, నాకొచ్చిన హిందీలో.

ఆయన భావనకి కుర్చీ చూపించారు. "అయితే నువ్వే అడుగు."

మెట్లు ఎక్కితే నొప్పా, దిగితేనా? నిద్ర పడుతుందా? దేనికైనా భయమా? ఇన్నేళ్ళలో నన్నెవరూ ఇన్ని మాటలు అడగలేదు. భయం దగ్గరకొచ్చేసరికి తీర్చని మొక్కు సంగతి బయటపడింది.

"నాకోసమేటి?" అంది భావన, రాస్తున్న చెయ్యి ఆపి. తర్వాత మళ్ళీ కాగితం మీదకి వంగి, ముందు మోకాలికి ఎక్స్‌రే తీయించాలని ఆయనకి చెప్పింది.

ఉండబట్టలేక అడిగాను: "బాబూ, మీరు ముద్ర వేస్తే ఈ గోళీలు పనిచేసినట్టేనా?"

ఆయన నవ్వారు. "మందు మాట వేరు మాతాజీ. వీళ్ళకి నేర్పేవాళ్ళున్నారా, రోగిని అడగడం వచ్చా, తమ చేతిలో లేనిది పెద్దాసుపత్రికి పంపడం తెలుసా? నేను చూసేది అదే."

అచ్చయ్య అన్నయ్య ఆ రోజు చేసిందీ అదే. ఆయన్ని చూడడానికి మాత్రం ఎవరూ రాలేదు.

గుర్తింపు వచ్చిందని తెలిసిన సాయంత్రమే గుడికి వెళ్ళి కాయ కొట్టించాం. ఒక చిప్ప స్వామికి. సూది వేసిన నర్సమ్మ ఎక్కడుందో తెలియదు, ఆమె పేరు చెప్పి ఇంకో దండం పెట్టాను. రెండో చిప్ప, మొక్కు సంగతి చెప్పి, భావన చేత అచ్చయ్య అన్నయ్యకి ఇప్పించాను.

ఆయన ముక్క కొరికి, నమిలి, నా వైపు చూశారు.

"ఇరవై ఏళ్ళ కాయేటి తాయారమ్మా! పాడవలేదే!"