పెరటి నడుమ స్తంభం

మాంసం కాల్చిన జాలీని వేడి మీదుండగానే గీకాలి. చల్లారిందంటే కొవ్వు గడ్డకట్టి చేతులు పడిపోతాయి. ప్రతి ఆదివారం భోజనాలయ్యాక ఆ పని నాదే.

మా హాచల్ ఊళ్ళో మాంసం కాల్చినవాడికి చప్పట్లు కొట్టడం ఆచారం. "కాల్చినవాడికి చప్పట్లు!" అని ఎవరో ఒకరు కేకేస్తారు. మా ఆయన ఓస్వాల్డో వైన్ గ్లాసు పట్టుకుని రాజులా తల వంచుతాడు. మాంసం కొని తెచ్చింది నేను, ఉప్పు రాసింది నేను, సలాడు కోసింది, బల్ల సర్దింది, అంట్లు తోమబోయేది నేను. "సలాడుకి లేవా చప్పట్లు?" అని ఓసారి నవ్వుతూనే అడిగాను. "ఆకులకి చప్పట్లేమిటే ఎల్విరా, అవి గొర్రెలు కూడా తింటాయి," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆ ఆదివారం చప్పట్లు ఆగకముందే ఇంకో మాట చెప్పాడు.

"ఈ పెరటికి కప్పు వేయిస్తున్నా. ఎండా వానా బెడద లేకుండా హాయిగా తినొచ్చు. సిమెంటు దింపించేశా, మంగళవారం మేస్త్రీ వస్తాడు."

"మరి నా టెలిస్కోపు?"

"నీ గొట్టమా? వీధిలో పెట్టుకో. అక్కడ మాత్రం ఆకాశం లేదూ?"

"చుక్కలెక్కడికి పోతాయమ్మాయ్," అంది మా అత్తగారు ఎర్మిందా. "వాటికేం పెళ్ళా పేరంటమా?"

వీధిలో దీపస్తంభం ఉంది. ఆ వెలుగులో నేను ఫోటోలు తీసే నెబ్యులా, చుక్కల మధ్య ఉండే ఆ రంగుల మబ్బు, కనపడదు. ఇంటి చుట్టూ చీకటి మిగిలింది ఆ పెరట్లోనే. దానికి కప్పు పడితే నాకు ఆకాశం లేదు. ఇంత చిన్న సంగతి వాళ్ళకెలా చెప్పాలో తెలియక జాలీ గీకుతూ కూర్చున్నాను.

ఆకాశం ఫోటో అంటే మీట నొక్కడమే అనుకుంటారు వీళ్ళు. కరీనా నెబ్యులా ఒక్క ఫోటోకి దొరికే మనిషి కాదు. ఐదేసి నిమిషాల ఫోటోలు రాత్రి తర్వాత రాత్రి తీస్తూ పోవాలి. సియెస్తా వేళ, మధ్యాహ్నపు ఎండకి ఊరంతా నిద్రపోతుంటే, నేను కంప్యూటరు ముందు కూర్చుని వాటిని ఒకదాని మీద ఒకటి పేరుస్తాను. మొదట అంతా బూడిదే. పేర్చేకొద్దీ ఎక్కడినుంచో ఎరుపు తేలుతుంది, ఆ ఎరుపులో నీలం, ఆ నీలంలో నల్లటి దారులు. ఎనిమిది వేల ఏళ్ళనాడు బయల్దేరిన వెలుగట. ఇంత దూరం నడిచొచ్చి మా పెరట్లో దిగుతుంది, వేరే చోటే లేనట్టు. నాకంటూ దొరికే కాలమూ ముక్కలే. చిక్కుళ్ళు ఉడికేలోపు ఒకటి, మందుల షాపు నుంచి వచ్చే బస్సులో ఒకటి. పేర్చుకుంటే నేనూ ఎక్కడో కనిపిస్తానేమోనని ఆశ.

ఉత్తరాన ఉన్నవాళ్ళకి ధ్రువనక్షత్రం ఉంది, టెలిస్కోపుని అటు తిప్పి బిగిస్తే చాలు, చుక్కల వెంట అదే తిరుగుతుంది. మా దక్షిణం వైపు ఉన్నది కంటికానని మసక చుక్క. దాన్ని వెతుక్కునేసరికి సగం రాత్రి పోయేది. అందుకే టెలిస్కోపు మూడు కాళ్ళూ ఆనే చోట పెరటి ఇటుకల మీద ఎర్ర గోళ్ళరంగుతో మూడు చుక్కలు పెట్టుకున్నాను. "నేలకి తట్టు పోసినట్టుంది," అని అత్తగారు బ్లీచింగ్ వేసి రుద్దేసింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ రుద్దింది. మళ్ళీ పెట్టాను.

ఈ ఇల్లు మా అమ్మ కట్టుకుని నాకు రాసిచ్చింది. "ఆ మాట మొగుడి దగ్గర ఎత్తకే, చిన్నబుచ్చుకుంటాడు," అని చెప్పి మరీ పోయింది. ఇన్నేళ్ళూ ఎత్తలేదు. నా ఇంట్లో నేనే అడిగి కూర్చుంటూ వచ్చాను.

మంగళవారం మేస్త్రీ దోన్ ఫెర్మీన్ నాలుగు మూలలా ముగ్గుతో గుర్తులు వేశాడు. భోజనాలయ్యాక తల్లీకొడుకులు పడుకున్నారు. నేను మాతే, గొట్టంతో పీల్చే మా ఊరి ఆకు టీ, కాచి మేస్త్రీకిచ్చాను.

"దోన్ ఫెర్మీన్, ఆ మూలలు వదిలేయండి. ఈ మూడు చుక్కల మధ్య ఒక్క స్తంభం పోయండి. నా నడుమెత్తు చాలు."

"ఒంటి స్తంభం మీద కప్పెలా నిలుస్తుందమ్మా?"

"కప్పు లేదు."

"అయ్యగారికి తెలుసా?"

"లేచాక తెలుస్తుంది."

"అంటే ఇప్పుడే పోయాలా! సియెస్తా వేళ పార చప్పుడైతే ఊరు ఊరంతా నన్ను తిట్టిపోస్తుంది."

"సగం తిట్లు నేను పడతాను."

ఆయన మాతే గొట్టం గురగురమనేదాకా పీల్చి లేచాడు. ఇటుకలు చప్పుడు కాకుండా ఒక్కొక్కటే ఎత్తాం. మా ఊళ్ళో భూమి కదలడం మామూలే, అందుకని లోతుగా తవ్వాడు. నేను నీళ్ళు మోశాను, కంకర అందించాను. టెలిస్కోపు బిగించే మరమేకుల్ని పచ్చి సిమెంటులో నా చేత్తోనే నిలబెట్టాను. దక్షిణం ఎటో నాకు నిద్రలో లేపినా తెలుసు.

ఓస్వాల్డో కళ్ళు నులుముకుంటూ వచ్చాడు.

"ఏమిటిది? నా కప్పేదీ?"

"లేదు ఓస్వాల్డో. ఇది నా ఇల్లు, నా పెరడు. ఇక్కడ నా టెలిస్కోపు ఉంటుంది."

అనేశాను. చేతికంటిన సిమెంటు దులుపుకున్నాను.

"పెరటి నడుమ గుంజ పాతుకుంటారా ఎవరైనా!" అంది అత్తగారు గుమ్మంలోంచి.

"ఆదివారం వచ్చేవాళ్ళకి ఏం చెప్పను?" అన్నాడతను.

"టోపీలు తెచ్చుకోమను."

ఆదివారం అందరూ టోపీలు పెట్టుకునే వచ్చారు. ఎప్పటిలాగే మాంసం కాలింది, చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. తర్వాత చేతులు కడుక్కున్నాను.

"ఎల్విరా, జాలీ చల్లారిపోతోంది!" అని కేకేశాడు ఓస్వాల్డో.

రాత్రికి మబ్బుల్లేవని రేడియోలో చెప్పారు. రాత్రంతా మేలుకోవాలి కదా, జాలీని అలాగే వదిలేసి నేను వెళ్ళి సియెస్తాకి పడుకున్నాను.