కిటికీ పక్క సీటు

తాన్ సూమెయ్ ఎడమచేత్తో సాక్సు తిరగేసి, కుడిచేత్తో మిషనుకి అందించి, వేళ్ళ దగ్గర తెరిచి ఉన్న చివర మూసి కుట్టి పక్కన పడేస్తోంది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. చైనా తూర్పున దాతాంగ్ ఊళ్ళోని ఈ సాక్సుల ఫ్యాక్టరీలో ఆమె చేరినప్పుడు ఇది రేకుల షెడ్డు. ఇప్పుడు ఆరంతస్తుల మేడ. ఆమె చూపుడువేలు మాత్రం ఓ పక్కకి వంగిపోయింది. ప్రపంచంలో ఎన్ని కోట్ల పాదాలకు తన కుట్టు తొడిగిందో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచిస్తే గర్వపడాల్సిన సంగతే.

ఇవాళ ధ్యాసంతా మధ్యాహ్నం రెండింటి రైలు మీదే. గుయ్‌జౌ కొండల్లో, సొంతూరి పక్కనే సాక్సుల ఫ్యాక్టరీ తెరిచారు. ఎల్లుండి నుంచి పని అక్కడే, రోజూ మొగుడి పక్కన కూర్చుని భోజనం. ఇన్నేళ్ళూ ఏడాదికోసారి, సీటు దొరక్క, ముప్ఫై గంటలు పడుతూ లేస్తూ వెళ్ళింది. కొండలు తొలిచి వేసిన కొత్త లైను మీద ఇప్పుడు ఎనిమిది గంటలే. మొదటిసారి సీటు టిక్కెట్టు కొంది. దొరలా కూర్చుని ఇంటికి వెళ్ళాలి, అంతే ఆమె కోరిక.

కానీ బుట్ట ఖాళీ అయితేగానీ సూపర్‌వైజరు పని వదిలే కాగితం మీద సంతకం పెట్టడు. పదకొండు గంటలైనా సగం కూడా తరగలేదు. పక్క మిషను మీద పనిచేసే ఫాంగ్ నింగ్ లేచొచ్చి, చేతులనిండా సాక్సులు ఎత్తుకుపోయింది. వెనకే ఇంకో ఇద్దరు.

"మీ పని ఏమవుతుందే?"

"నీ మొహం చూడలేక చస్తున్నాం అక్కా. పోయి సీట్లో కూర్చో. కిటికీ పక్కదేనా?"

"కిటికీ పక్కదే."

"అబ్బో, దొరసాని. మమ్మల్ని గుర్తుపడతావా ఇక?"

సూపర్‌వైజరు అంతా చూశాడు. చూడనట్టే టీ సీసాలో వేడినీళ్ళు పోసుకుని, పన్నెండింటికి సంతకం పెట్టేశాడు. సూమెయ్‌కి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

నాలుగింటికి టిక్కెట్లు చూస్తూ వచ్చిన అమ్మాయి రైలుపెట్టె చివర ఆగింది. మరుగుదొడ్డి పక్కన, ఏటా రైల్లో పీటగా వేసుకునే తన పాత రంగు డబ్బా మీద కూర్చుని, సూమెయ్ ఉడికిన గుడ్డు ఒలుచుకుంటోంది.

"టిక్కెట్టు లేదా పిన్నీ?"

సూమెయ్ చూపించింది.

"మీకు సీటుందిగా. రెండు గంటల నుంచి ఖాళీగా పడుంది. ఇక్కడేం చేస్తున్నారు?"

రైలెక్కగానే కాళ్ళు వాటంతటవే ఇటు వచ్చేశాయి. "నా మతి మండా," అని సూమెయ్ పగలబడి నవ్వింది. ఆ అమ్మాయీ ఆపుకోలేకపోయింది.

సూమెయ్ వెళ్ళి సీట్లో వెనక్కి వాలింది. కిటికీలో కొండలు మొదలయ్యాయి. ఇంత సుఖం ఉంటుందని ఆమెకి తెలియదు.

మరుగుదొడ్డి పక్కన వదిలేసిన రంగు డబ్బా, పద్దెనిమిదేళ్ళ బరువుకి మూత మధ్యలో సొట్టపడి, రైలుతో పాటు మెల్లగా ఊగుతోంది.